వాగ్దానం కార్డుకు రెండోవైపు

పరీక్షకు ముందు హాల్‌టికెట్ మీద ప్రార్థన. పాసయితే సాక్ష్యం. మరి డిగ్రీ చేతికొచ్చి, ముందు దారేంటో తోచని రోజున..? క్రైస్తవ కుటుంబాల్లో పిల్లలు నలిగిపోయేది సరిగ్గా అక్కడే. ‘దేవుని చిత్తం’ కోసం ఎదురుచూడాలా, వచ్చిన ఉద్యోగంలో చేరిపోవాలా? ఆ ప్రశ్నకి ఎప్పుడూ చదివే వాక్యంలోనే, ఎవరూ చదవని పక్కన ఓ జవాబుంది.

మార్చి వచ్చిందంటే చర్చిలో ఓ ఆదివారం విద్యార్థులది. పల్లెలో రేకుల మందిరమైనా, హైదరాబాద్‌లో పొద్దున్నుంచి మూడు ఆరాధనలు జరిగే పెద్ద చర్చి అయినా ఇంచుమించు ఒకటే పద్ధతి. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ పిల్లలంతా ముందుకొస్తారు. హాల్‌టికెట్లూ కొత్త పెన్నులూ బల్ల మీద పెడతారు. పాస్టరుగారు వాటిమీద చేతులుంచి ప్రార్థిస్తారు. వెనక చాపల మీద అమ్మలు కొంగు తలమీదికి లాక్కుని, తాము ఎన్నడూ చదవని లెక్కల పేపరు గురించి దేవుడికి వివరంగా చెప్పుకుంటుంటారు.

ఫలితాలొచ్చాక ఇంకో ఆదివారం. పాసయినవాళ్లు మైకు ముందుకొచ్చి ‘అందరికీ వందనాలు’ అంటూ సాక్ష్యం చెబుతారు. కృతజ్ఞత కానుక కవరు పళ్లెంలో పడుతుంది. ఆరాధన అయ్యాక చాక్లెట్లు పంచుతారు.

చిక్కల్లా ఆ తర్వాతే. డిగ్రీ చదువు అయిపోయినవాళ్లకంటూ ఏ ఆదివారమూ ఉండదు. బీటెక్ అయి ఏడాది దాటిన కుర్రాడు మెల్లగా ముందు వరస నుంచి వెనక వరసకి, అక్కణ్నుంచి గుమ్మం దగ్గరికి జరుగుతాడు. ఆరాధన ముగిసీ ముగియకముందే చెప్పులేసుకుని వెళ్లిపోతాడు. కారణం మరేం లేదు... ‘ఏం చేస్తున్నావు బాబూ?’ అని అడిగేవాళ్లు గుమ్మం దగ్గరే ఎక్కువ.

అలాంటి కుర్రాడి పర్సులోనో, అమ్మాయి డైరీలోనో చాలాసార్లు ఓ చిన్న కార్డు ఉంటుంది. డిసెంబరు 31 రాత్రి కూడికలో, కొత్త ఏడాదికని తీసుకున్న వాగ్దానం కార్డు. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఆ కార్డుకున్న విలువ ఇంతా అంతా కాదు. ఏడాదంతా బైబిల్లో ఉంటుంది, లేదంటే అద్దానికి అతికి ఉంటుంది. చదువు పూర్తయినవాళ్లకి పెద్దవాళ్లు ఏరికోరి ఇచ్చే వాక్యమైతే ఒకటుంది. యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం, 11వ వచనం. మీ విషయంలో నా ఆలోచనలు కీడు కోసం కాదు, మేలు కోసమే, మీకు మంచి భవిష్యత్తు ఉంది అని దేవుడు ధైర్యం చెప్పే మాట అది. గ్రీటింగు కార్డుల మీద, గోడ క్యాలెండర్ల మీద, కాఫీ కప్పుల మీద కూడా కనిపిస్తుంది.

కార్డు మీద పదకొండో వచనం ఒక్కటే ఉంటుంది. పదో వచనం ఉండదు.

డెబ్బై ఏళ్ల ఉత్తరం

నిజానికి అది కార్డు మీద రాయడానికి పుట్టిన మాట కాదు, ఓ ఉత్తరంలోని వాక్యం. క్రీస్తుపూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకుని, రాజునీ అధికారుల్నీ కంసాలుల్నీ వడ్రంగుల్నీ చెరపట్టి తీసుకుపోయాడు. చేతిలో పనున్నవాళ్లంతా పరాయి ఊళ్లో పడ్డారు. ‘ఎప్పుడు ఇంటికెళతాం?’ అన్నదొక్కటే వాళ్ల ప్రశ్న.

దానికి యెరూషలేములో హనన్యా అనే ప్రవక్త దగ్గర తియ్యటి జవాబుంది. రెండేళ్లు... రెండేళ్లలో అంతా సర్దుకుంటుంది, అందరూ తిరిగొస్తారు అన్నాడు. జనానికి నచ్చింది. యిర్మీయా కూడా మొదట ‘ఆమేన్, అలాగే జరుగుగాక’ అనే అన్నాడు. ఆ తర్వాత బబులోనుకు ఉత్తరం రాశాడు. ఇళ్లు కట్టుకుని కాపురముండండి, తోటలు నాటుకుని వాటి పళ్లు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న ఆ ఊరి క్షేమం కోరండి, దానికోసం ప్రార్థన చేయండి అన్నది అందులోని సారాంశం. తిరిగి రావడమంటారా... డెబ్బై ఏళ్లు పడుతుందని పదో వచనంలో తేల్చి చెప్పేశాడు. ఆ వెంటనే వచ్చేదే మనం కార్డు మీద చూసే పదకొండో వచనం.

అంటే, ఆ మాట మొదట విన్నవాళ్లలో చాలామంది తాము కోరుకున్నది కళ్లారా చూడలేదన్నమాట! ఈ ఏడాదే ఉద్యోగం, ఆర్నెల్లలో వీసా, వచ్చే క్రిస్మస్‌కల్లా పెళ్లి అని తారీకులతో సహా చెప్పేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు. వాళ్లు చెప్పేదానికి హనన్యా మాటతోనే పోలిక ఎక్కువ. అందులో ఉత్సాహం ఉంటుంది గానీ, గడువు దాటిన మర్నాడు పిల్లలకి మిగిలేది ఉద్యోగం లేదన్న బాధ ఒక్కటే కాదు. దేవుడికి తనమీద ఏదో కోపం ఉందన్న అనుమానం కూడా. ఈ రెండోది మొదటిదానికన్నా లోతుగా దిగుతుంది.

యిర్మీయా ఉత్తరం ఆ అనుమానాన్ని మొదట్లోనే తుంచేస్తుంది. ఆలస్యం శాపం కాదు. ఎదురుచూడ్డమంటే చేతులు కట్టుకు కూర్చోవడమూ కాదు. కోచింగ్ సెంటర్‌కీ హాస్టల్ గదికీ మధ్య తిరిగే ఆ రెండు మూడేళ్లు కూడా జీవితంలో భాగమే. ఆ హాస్టల్ వీధి కూడా క్షేమం కోరవలసిన ఊరే.

ఉన్ని తడిసిందా లేదా?

చిత్తం తెలుసుకోవడానికి పిల్లలు పడే పాట్లు చూస్తే ఓ పక్క నవ్వు, ఓ పక్క జాలి. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలుపెట్టిన చోట ఏముందో చూసుకునేవాళ్లున్నారు. ‘రేపు పదింటిలోగా ఫోనొస్తే బెంగళూరు, రాకపోతే ఇక్కడే’ అని షరతు పెట్టుకునేవాళ్లున్నారు. అడిగితే గిద్యోను పేరు చెబుతారు. న్యాయాధిపతుల గ్రంథంలో ఆయన కళ్లంలో గొర్రెబొచ్చు పరిచి, ఒకరాత్రి ఉన్ని మాత్రమే తడవాలనీ, మరో రాత్రి నేల మాత్రమే తడవాలనీ అడిగాడు కదా అని. అడిగిన మాట నిజమే. కానీ గిద్యోనుకి తన పనేంటో అప్పటికే స్పష్టంగా చెప్పారు. తెలియక కాదు, భయమేసి అడిగాడు. ఉన్ని కథ దారి కనుక్కునే పద్ధతి కాదు, భయస్తుణ్ని కూడా కసురుకోకుండా ఓపిక పట్టిన దేవుడి కథ.

దానియేలు పద్ధతి వేరు. చెరలో రాజు కొలువు కోసం మూడేళ్ల శిక్షణలో చేరిన కుర్రాడతను. భాష నేర్చుకున్నాడు, వాళ్లు పెట్టిన కొత్త పేరుకీ అడ్డుచెప్పలేదు. రాజు భోజనం దగ్గర మాత్రం మనసొప్పలేదు. అప్పుడు గొడవకు దిగలేదు, ఆకాశం వైపు చూస్తూ సూచన కోసం నిలబడలేదు. పర్యవేక్షకుణ్ని మర్యాదగా ఓ పదిరోజులు గడువడిగాడు. కూరగాయలు పెట్టి చూడండి, తర్వాత మీరే నిర్ణయించండి అన్నాడు. ఉద్యోగం మారాలా వద్దా, ఉన్నత చదువుకి అప్పు చేయాలా వద్దా అని కొట్టుకుపోతున్నవాళ్లకి ఉన్నికన్నా ఈ పదిరోజుల పరీక్షే ఎక్కువ పనికొస్తుంది. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లతో మాట్లాడ్డం, ఆ ఊరు వెళ్లి నాల్రోజులుండి చూడ్డం, అప్పు మీద వడ్డీ కాగితం మీద లెక్కేసుకోవడం... వీటికి ప్రార్థన అడ్డురాదు.

అమ్మ మొక్కుకుంది

కొన్ని ఇళ్లలో సమస్య వేరే రూపంలో వస్తుంది. బీటెక్ ఆఖరి సెమిస్టర్ అయి అబ్బాయి ఇంటికొస్తాడు. క్యాంపస్ ఇంటర్వ్యూలో ఉద్యోగం కూడా వచ్చి ఉంటుంది. రాత్రి భోజనాలయ్యాక అమ్మ మెల్లగా విషయం బయటపెడుతుంది. ‘నువ్వు కడుపులో ఉన్నప్పుడు డాక్టర్లు ఆశ వదులుకోమన్నారు నాన్నా. బతికితే నిన్ను సేవకిస్తానని మొక్కుకున్నాను.’ అబ్బాయి నోట మాట రాదు. కాదంటే అమ్మ మాట, దేవుడి మాట రెండూ కాదన్నట్టు. అవునంటే తనకి లేని పిలుపు ఉందని జీవితాంతం పల్పిట్ మీద నటించినట్టు.

అలాంటి అమ్మలకి ఆదర్శం హన్నా. పిల్లల్లేక ఏడ్చి, పుట్టిన సమూయేలుని గుడికి అప్పగించిన తల్లి. అయితే సమూయేలు కథ అక్కడితో అయిపోలేదు. అమ్మ మొక్కు ప్రకారం గుడిలోనే పెరుగుతున్నా, దేవుడు ఆ పిల్లాణ్ని వేరుగా, పేరుపెట్టి పిలిచాడు. మూడుసార్లు ముసలి యాజకుడు ఏలీ పిలిచాడనుకుని అతని దగ్గరికే పరిగెత్తాడు సమూయేలు. పెద్దల గొంతుకీ, దేవుడి గొంతుకీ తేడా తెలియకపోవడం అంత పాత సంగతి! ఏలీ గొప్పతనం ఏంటంటే, ‘నేను పిలవలేదు, వెళ్లి పడుకో’ అన్నాడు. పిలుపు తనది కాదని ఒప్పుకున్నాడు. ఆ మాట అనగలిగే అమ్మానాన్నలు, పాస్టర్లు ఈ పిల్లలకి ఎంతో అవసరం.

గుంటూరు జిల్లాలో ఎన్నో చర్చిలకి పేరిచ్చిన మార్టిన్ లూథర్ కూడా ఇలాంటి చిక్కులో పడ్డవాడే. 1505లో జర్మనీలోని ఎర్‌ఫర్ట్‌లో ఎంఏ పూర్తిచేశాడు. కొడుకు లాయరవ్వాలని తండ్రి పట్టుదల. ఆ జులైలో దారిలో ఉండగా భయంకరమైన ఉరుములూ మెరుపులూ. పక్కనే పిడుగు పడేసరికి, బతికితే సన్యాసినవుతానని మొక్కేశాడు. అన్నట్టే మఠంలో చేరాడు. తండ్రికి మండిపోయింది. పదహారేళ్ల తర్వాత 1521లో, అలాంటి మొక్కులు మనిషి మనస్సాక్షిని కట్టిపడేయకూడదంటూ లూథర్ ఏకంగా ఓ పుస్తకమే రాశాడు. దాన్ని అంకితమిచ్చింది ఎవరికో కాదు... వాళ్ల నాన్నకే. సన్యాసి ప్రార్థన ఎంత పవిత్రమో, పొలం దున్నే రైతు పనీ, పిల్లాడి గుడ్డలుతికే తల్లి పనీ అంతే పవిత్రమన్నది ఆయన బోధలో ముఖ్యమైన భాగం. సేవ అంటే పాస్టరు కావడమొక్కటే అనుకునే ఇళ్లలో ఇది మళ్లీ గుర్తుచేసుకోవాల్సిన సంగతి. ఇష్టంతో సేవలోకి వెళ్లేవాళ్ల సంగతి వేరు. వాళ్లకి ఏ మొక్కూ గుర్తుచేయాల్సిన పనిలేదు.

డాక్టరమ్మకి టీచరు పోస్టు

గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి పేరు తెలియనివాళ్లు తక్కువ. అక్కడే పుట్టామని చెప్పుకునేవాళ్లు మాత్రం కోకొల్లలు. ఆ పేరు వెనకున్న అన్నా కుగ్లర్ కథని డిగ్రీ పూర్తయిన ప్రతి అమ్మాయికీ చెప్పాలి.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టిన ఆవిడ 1879లో అక్కడి మహిళా వైద్య కళాశాల నుంచి డాక్టరుగా బయటికొచ్చారు. ఆడవాళ్లు డాక్టర్లు కావడమే వింతగా చూసే రోజులవి. మగ డాక్టరుకి చేయి చూపించుకోలేక గుంటూరు ప్రాంతంలో స్త్రీలు చచ్చిపోతున్నారని తెలిసి, అక్కడికి డాక్టరుగా వెళ్తానని తమ లూథరన్ మహిళా సంఘానికి దరఖాస్తు పెట్టుకున్నారు. వైద్యసేవ మొదలుపెట్టే స్థితిలో మేం లేమంది సంఘం. కావాలంటే ఆడవాళ్లకి ఇళ్లకెళ్లి చదువు చెప్పే టీచరుగా పంపుతామంది.

చేతిలో ఎండీ పట్టా. ఇస్తామంటున్నది టీచరు పని. ఇప్పుడు అయితే ‘చదివిన చదువుకి తగ్గది కాదు’ అని ఇంట్లోవాళ్లే వద్దంటారు. కుగ్లర్ సరేనన్నారు. వైద్య పరికరాలు సర్దుకుని 1883లో గుంటూరు చేరారు. చెప్పాల్సిన పాఠాలు చెబుతూనే, అడిగినవాళ్లకి మందిచ్చారు. రోగుల సంఖ్య చూశాక సంఘానికి వేరే దారిలేకపోయింది. 1885లో ఆవిణ్ని వైద్య మిషనరీగా గుర్తించింది. సొంత ఆసుపత్రి తలుపులు తెరుచుకోవడానికి మాత్రం 1898 దాకా ఆగాల్సి వచ్చింది. వచ్చిన పదిహేనేళ్లకి! 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. తలుపు మూసుకుంటే ‘దేవుని చిత్తం కాదేమో’ అనుకుని తిరిగి వెళ్లిపోవడం ఆవిడకి చాలా తేలిక. వెళ్లిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

ఒంగోలులో జాన్ క్లౌ సంగతి ఇంకో రకం. మిషనరీ కాకముందు అమెరికాలో భూముల సర్వేలో పనిచేశాడు. గొలుసు పట్టుకుని భూమి కొలిచిన ఆ అనుభవానికీ ప్రసంగాలకీ సంబంధమేంటనిపిస్తుంది. 1876-78 నాటి పెద్ద కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పని చూపించినప్పుడు అక్కరకొచ్చింది ఆ పాత విద్యే.

డిగ్రీ లేని బిషప్

మరి పట్టానే చేతికి రానివాళ్లు? ఒకటో రెండో సబ్జెక్టులు మిగిలిపోయి, చర్చిలో ఫలితాల ఆదివారం ఒంట్లో బాగాలేదని ఇంట్లోనే ఉండిపోయే పిల్లలు?

మహబూబాబాద్ జిల్లా డోర్నకల్ జంక్షన్‌లో దిగితే ఊళ్లో ఓ అందమైన కెథడ్రల్ ఉంది. గుమ్మటాలు మసీదుని, స్తంభాలు దేవాలయాన్ని గుర్తుచేస్తాయి. 1939లో ప్రతిష్ఠ జరిగింది. దాన్ని కట్టించిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివారు. సరిగ్గా ఆఖరి పరీక్షల వేళకి జబ్బుపడ్డారు. డిగ్రీ రాలేదు. తర్వాత వైఎంసీఏ కార్యదర్శిగా ఊరూరా తిరిగారు. 1902లో సిలోన్‌లోని జాఫ్నా వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు సొంతంగా సువార్తికుల్ని పంపుతున్నారని చూసి సిగ్గుపడ్డారు. మరుసటేడే తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. అది పనిచేయడానికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. ఇతరుల్ని పంపుతూ తాను ఇంట్లో కూర్చోవడం బాగోదనిపించి, 1909లో ముప్ఫై అయిదో ఏట, భార్యాపిల్లలతో తానే బయల్దేరారు. తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. 1945 జనవరి 1న చనిపోయేదాకా డోర్నకలే ఆయన ఊరు. పరీక్ష తప్పడం మంచిదని దీనర్థం కాదు. ఆ జబ్బు దేవుడే పంపాడని అజరయ్య తరఫున మనం చెప్పడమూ సరికాదు. ఆయనకా రోజు ఎలా ఉండి ఉంటుందో... మిగిలిపోయిన సబ్జెక్టుతో ఇంట్లో కూర్చున్న పిల్లాడికి బాగా తెలుస్తుంది.

దరఖాస్తులో ఓ గడి

సంఘాల్లో సాధారణంగా ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. ఉద్యోగ దరఖాస్తులో ‘మతం’, ‘కులం’ అని పక్కపక్కనే ఉండే రెండు గడులు. మన చర్చిల్లో దళిత కుటుంబాలే ఎక్కువ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే పరిమితం. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లూ, వాళ్ల పిల్లలూ ఇక్కడ బీసీ-సీ కిందికొస్తారు. రిజర్వేషన్ ఒక శాతం. ఎస్సీ హోదా ఇవ్వాలంటూ 2009లోనూ 2023లోనూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానాలు చేసింది. క్రైస్తవం ఆచరిస్తూ కేవలం ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం కుదరదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి అభ్యర్థిని ఒకరి కేసులో తీర్పిచ్చింది.

ఇంటిల్లిపాదీ ఆదివారం చర్చికెళ్లే ఇంట్లో, సోమవారం ఆ గడి నింపాల్సింది ఇరవై రెండేళ్ల అమ్మాయి. ఒక గడిలో నాన్న కూలి డబ్బు, అన్నయ్య మానేసిన చదువు, తనమీద పెట్టుకున్న ఆశలన్నీ ఉంటాయి. రెండో గడిలో తను నమ్మినది ఉంటుంది. బయటివాళ్లు ‘అబద్ధమాడుతున్నారు’ అనేస్తారు, లోపలివాళ్లు ‘అవన్నీ మామూలే’ అనేస్తారు. రెండూ ఆ అమ్మాయిని ఒంటరిని చేసే మాటలే. చట్టం ఏం చెబుతోందో, తప్పుగా రాస్తే తర్వాతెప్పుడో ఉద్యోగానికి ఎలా ముప్పు వస్తుందో వివరంగా చెప్పి, ఏది రాసినా తోడుంటామనే పెద్దవాళ్లు సంఘంలో ఒక్కరున్నా చాలు. హాల్‌టికెట్ మీద చేతులుంచిన చర్చికి ఈ దరఖాస్తు మీద మౌనంగా ఉండే హక్కు లేదు.

మొదటి జీతం

ఉద్యోగం వచ్చినవాళ్లకీ ప్రశ్నలు తీరవు. మొదటి నెల జీతం మొత్తం ప్రథమఫలంగా చర్చికివ్వడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. ఇష్టంగా ఇస్తే అంతకన్నా ముచ్చటైన సంగతి లేదు. కానీ చదువుకోసం అమ్మ తాకట్టుపెట్టిన గాజులు ఇంకా బ్యాంకులో ఉంటే? దేవుడికి అర్పించామని చెప్పి అమ్మానాన్నల్ని పట్టించుకోకపోవడాన్ని యేసే స్వయంగా తప్పుపట్టాడు. మార్కు సువార్త ఏడో అధ్యాయంలో ఉందా సంగతి. కవరులో ఎంత పెట్టాలో చెప్పేముందు పెద్దలు ఆ పేజీ కూడా తిప్పితే బాగుంటుంది.

ఇక ఊరు మారడం. సొంతూళ్లో గిటారు వాయించి, సండేస్కూలు పిల్లలకి పాటలు నేర్పిన అమ్మాయి హైదరాబాద్ హాస్టల్లో చేరాక, నైట్ షిఫ్టుల మధ్య మూడు నెలలు ఏ చర్చి గడపా తొక్కకపోవడం మామూలే. కాలేజీ విద్యార్థుల మధ్య 1954 నుంచి పనిచేస్తున్న యూఈఎస్ఐ, చదువు పూర్తయినవాళ్ల కోసం ఈజీఎఫ్ పేరుతో వేరే సహవాసాన్నే నడుపుతోంది. విద్యార్థిగా ఉన్న నమ్మకం, ఉద్యోగిగా మారే మొదటి రెండేళ్లలోనే జారిపోతుందని వాళ్లకి అనుభవమే. ఊరి పాస్టరుగారు ఆ అమ్మాయికి ఓ ఫోన్ చేసినా సరే... ‘చర్చికి వెళ్తున్నావా?’ అని కాకుండా ‘అన్నం తింటున్నావా?’ అని మొదలుపెట్టాలి.

యిర్మీయా దగ్గర మరో కథ కూడా ఉంది. అదే పుస్తకం 32వ అధ్యాయంలో. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టి ఉంది. యిర్మీయా జైల్లో ఉన్నాడు. పినతండ్రి కొడుకొచ్చి, అనాతోతులో ఉన్న పొలం కొనమని అడిగాడు. శత్రువుల చేతిలోకి పోతున్న ఊళ్లో పొలం! ఎవరైనా కొంటారా? యిర్మీయా కొన్నాడు. పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు. సాక్షుల్ని పిలిచాడు. పత్రం రాయించి, ముద్ర వేయించి, లేఖకుడు బారూకు చేతికిచ్చాడు. చాలాకాలం ఉండాలి, జాగ్రత్తగా మట్టికుండలో పెట్టమన్నాడు.

అదీ ఓ పట్టానే.